టీకా వేయించుకోవాలని బలవంతం చేసే హక్కు ఎవరికైనా ఉందా?

గుంటూరు_తండ్రి
మా అమ్మాయిని ఎల్‌కేజీలో చేర్పించడానికి ఇక్కడి ఒక ప్రైవేటు పాఠశాలకు వెళ్తే, దరఖాస్తుతో పాటు టీకాల కార్డు నకలు జతచేయాలని, అందులో తట్టు-రుబెల్లా రెండో డోసు నమోదు కాకపోతే దరఖాస్తు తీసుకోబోమని చెప్పారు. మొదటి డోసు మేము వేయించాము. ఆ తర్వాత వారానికి పాపకు జ్వరం బాగా పెరిగి ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. ఆ భయంతోనే రెండోది వాయిదా వేస్తూ వచ్చాము. నేను టీకాలకు వ్యతిరేకిని కాను, మిగిలినవన్నీ వేళకు వేయించాము. అయితే ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని 2022 మే 2న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది కదా. అంత పెద్ద కోర్టు ప్రభుత్వానికే ఇవ్వని అధికారం ఒక పాఠశాల కార్యాలయంలోని గుమాస్తాకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, "మా నిబంధన ఇంతే" అన్నారు. మీలో ఎవరికైనా ఇటువంటి అనుభవం ఉందా? చట్టం ఏమంటోంది?

చట్టం_చదివినవాడు
మీరు చెప్పిన తీర్పును చాలామంది ఒక్క వాక్యానికే పరిమితం చేసి చదువుతున్నారు. ఢిల్లీకి చెందిన పిల్లల వైద్యుడు, టీకాలపై ప్రభుత్వానికి సలహా ఇచ్చే జాతీయ సాంకేతిక బృందంలో ఒకప్పటి సభ్యుడు అయిన జేకబ్ పులియెల్ వేసిన పిటిషన్ అది. విచారించిన ఇద్దరు న్యాయమూర్తులలో ఎల్. నాగేశ్వరరావు గారు మన చీరాల ప్రాంతం వారు, రెండవవారు బి.ఆర్. గవాయ్. రాజ్యాంగం 21వ అధికరణ కింద మనిషికి తన శరీరంపై అధికారం ఉంటుందని, ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకునేలా చేయరాదని వారు అన్నమాట నిజమే.

అదే తీర్పులో మరో మాట కూడా ఉంది. సమాజ ఆరోగ్యం కోసం ప్రభుత్వం వ్యక్తుల హక్కులపై కొన్ని పరిమితులు విధించవచ్చని, అయితే ఆ పరిమితులు 2017 నాటి పుట్టస్వామి తీర్పు చెప్పిన మూడు పరీక్షలకు, అంటే చట్టం మద్దతు, న్యాయమైన ప్రయోజనం, ఆ ప్రయోజనానికి తగినంత మాత్రపు కఠినత్వం అనే వాటికి నిలబడాలని అన్నారు. టీకా వేయించుకోనివారిని బహిరంగ స్థలాలకు రానీయరాదన్న కొన్ని రాష్ట్రాల ఉత్తర్వులు ఆ మూడో పరీక్షలో నిలబడలేదు. టీకా వేయించుకోనివారి వల్ల వైరస్ వ్యాపించే ముప్పు వేయించుకున్నవారి వల్ల కంటే ఎక్కువని చూపే సమాచారం తమ ముందుకు రాలేదని, కాబట్టి వ్యాప్తి తక్కువగా ఉన్నంతకాలం అటువంటి ఉత్తర్వులను పునఃసమీక్షించాలని కోర్టు సూచించింది. ఆ సూచన అప్పటి కోవిడ్ పరిస్థితికి మాత్రమే పరిమితమని కూడా చెప్పింది. మీ అమ్మాయి విషయం తట్టు టీకాది. ఆ తీర్పును నేరుగా దానికి అతికించలేము.

ఓరుగల్లు_పంతులు
అంటే చేయి పట్టుకుని సూది గుచ్చకూడదు, కానీ సూది వేయించుకోలేదని గుమ్మం దగ్గర ఆపవచ్చు, అదీ కారణం గట్టిగా ఉంటేనే. న్యాయమూర్తులు ఇరుపక్షాలకూ తీర్థప్రసాదాలు పంచారు.

పిల్లల_వైద్యుడు
కారణం గట్టిగా ఉందా లేదా అన్నది జబ్బును బట్టి ఉంటుంది. తట్టును మన పల్లెల్లో ఇప్పటికీ "అమ్మవారు" అని వదిలేసేవారు ఉన్నారు గనుక చెబుతున్నాను. రక్షణ లేని జనంలో తట్టు సోకిన ఒక్కరి నుంచి సగటున 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. రోగి గది విడిచి వెళ్లిన తర్వాత కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉండగలదు. అది వ్యాపించకుండా ఆగాలంటే దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉండాలి. మన దేశంలో మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. అంటే 9 నెలల లోపు పసిబిడ్డకు, కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లవాడికి చుట్టూ ఉన్నవారి టీకాయే రక్షణ. తరగతి గదిలో మీ అమ్మాయి పక్కన కూర్చునే పాప ఇంట్లో ఆరు నెలల తమ్ముడు ఉండవచ్చు. వాడి స్వేచ్ఛను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

మీ పాప జ్వరం గురించి ఒక మాట. ఈ టీకా తర్వాత ఆరు నుంచి పన్నెండు రోజుల మధ్య కొందరికి జ్వరం రావడం తెలిసిన విషయమే. అది సాధారణంగా రెండో డోసుకు అడ్డంకి కాదు. మొదటి డోసు తర్వాత ప్రాణాంతకమైన అలెర్జీ వస్తే మాత్రం రెండోది వేయము. ఆస్పత్రి కాగితాలు తీసుకుని ఒక పిల్లల వైద్యుని కలిసి, నిజంగానే వేయకూడని పరిస్థితి అయితే ఆ మాట రాయించుకోండి. కాకపోతే ఆయన సమక్షంలోనే వేయించి కొంతసేపు అక్కడే ఉండండి.

స్వేచ్ఛాప్రియుడు
డాక్టరు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ ఆ వాదన టీకాలన్నిటికీ వర్తించదని వారికీ తెలుసు. ధనుర్వాతం ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే నాకే వస్తుంది. బీసీజీ ప్రధానంగా పసివాడిని తీవ్రమైన క్షయ రూపాల నుంచి కాపాడుతుంది గానీ ఊళ్లో క్షయ వ్యాప్తిని పెద్దగా ఆపదు. కోవిడ్ టీకా ప్రాణాలు కాపాడింది, కాదనను, కానీ ఒమిక్రాన్ కాలంలో రెండు డోసులు వేసుకున్నవారి నుంచి కూడా అది ధారాళంగా పాకింది. "నీ పక్కవాడి కోసం" అనే మాట ఏ టీకాకు ఎంతవరకు నిజమో విడివిడిగా చెప్పకుండా, కార్డులో ఉన్న గడులన్నీ నిండాల్సిందేనని పాఠశాల పట్టుబడితే, అందులో సగం వైద్యం, సగం గుమాస్తాగిరీ.

పిల్లల_వైద్యుడు
ధనుర్వాతం గురించి మీరు అన్నది సరైనదే, ఆ టీకాకు వ్యాప్తి వాదన నడవదు. అక్కడ ఉన్న ప్రశ్న వేరు. ఆ టీకా తనకు కావాలో వద్దో చెప్పలేని వయసున్న బిడ్డ తరఫున తల్లిదండ్రులు తప్పు నిర్ణయం తీసుకుంటే ప్రభుత్వం జోక్యం చేసుకోవచ్చా అన్నది. పెద్దవాళ్లు తమ శరీరం గురించి తాము నిర్ణయించుకోవడం, బిడ్డ శరీరం గురించి తండ్రి నిర్ణయించడం ఒకటి కాదు. "నా శరీరం నా ఇష్టం" అన్న వాక్యంలో "నా" అన్నది ఇక్కడ ఎవరిదో చూడండి.

కొంటె_కోణంగి
మా నాన్నగారు నా తలకు ఆముదం పట్టించే ముందు ఏ అధికరణ కింద నా సమ్మతి తీసుకున్నారో ఇప్పటికీ తెలియదు.

డల్లాస్_గోదావరి
ఎల్‌కేజీ గురించి బాధపడుతున్నారు. ఇక్కడ గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకున్న మనవాళ్లలో ఈ చర్చ ఎప్పుడూ జరగదు, ఎందుకంటే చర్చించే అవకాశమే లేదు. 1996 నాటి వలస చట్టం ప్రకారం శాశ్వత నివాసం కోరేవారు నిర్దేశిత టీకాలన్నీ వేయించుకున్నట్టు ప్రభుత్వం గుర్తించిన వైద్యుడు ధ్రువీకరించాలి. చిన్నప్పటి కార్డు దొరకక, ఎప్పుడో వేసుకున్నవే మళ్లీ వేయించుకున్నవారు నా స్నేహితుల్లో చాలామంది ఉన్నారు. 2008లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 11 నుంచి 26 ఏళ్ల వలస మహిళలకు తప్పనిసరి చేశారు. ఈ దేశపు పౌరురాళ్లకు లేని నిర్బంధం మన ఆడపిల్లలకు వచ్చింది. విమర్శలు వచ్చాక 2009 డిసెంబరులో తీసేశారు. కోవిడ్ టీకాను 2021 అక్టోబరులో చేర్చి 2025 జనవరిలో తొలగించారు. మతపరమైన, నైతికమైన అభ్యంతరం ఉంటే మినహాయింపు కోరవచ్చు గానీ, ఏళ్ల తరబడి క్యూలో నిలబడిన మనిషి అధికారితో పేచీ పెట్టుకుంటాడా?

మరోవైపు ఇదే టెక్సాస్‌లో పౌరులు "మనస్సాక్షి" కారణం చూపి తమ పిల్లలకు బడి టీకాల నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. 2025 జనవరిలో రాష్ట్ర పశ్చిమ భాగంలోని గెయిన్స్ కౌంటీలో తట్టు మొదలై ఆగస్టులో ముగిసేనాటికి రాష్ట్రంలో 762 కేసులు తేలాయి, టీకా వేయించని ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒక చేత్తో వలస వచ్చినవాడిపై పూర్తి నిర్బంధం, ఇంకో చేత్తో పౌరుడికి పూర్తి స్వేచ్ఛ. రెండూ ఒకే దేశంలో చూశాక, ఇది సిద్ధాంతాల గొడవ కంటే ఎదురు చెప్పగలిగిన స్తోమత ఎవరికి ఉందన్న గొడవ అని నాకు అనిపిస్తోంది.

స్వేచ్ఛాప్రియుడు
చివరి వాక్యం నేను రాయవలసింది.

మన్యం_మాస్టారు
డల్లాస్ గారు హెచ్‌పీవీ ప్రస్తావన తెచ్చారు కాబట్టి, అది మన గడ్డ మీద ఎలా నడిచిందో గుర్తుచేయాలి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో 10 వేల మందికి వేశారు. దానిని ప్రయోగమని కాకుండా "ప్రదర్శన కార్యక్రమం" అని పిలిచారు. చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు.

తర్వాత పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వాటిపై వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. కన్నవారు ఊళ్లో ఉన్నారు, కబురు పంపితే ఒకటి రెండు రోజుల్లో వచ్చేవారే, అయినా వార్డెన్ సంతకం చేశాడు. నేను ఆ మండలాల్లో పనిచేయలేదు గానీ ఆశ్రమ పాఠశాలల్లో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ పిల్లల తరఫున ఏ కాగితం వచ్చినా, అది రక్త పరీక్షదైనా విహారయాత్రదైనా, సంతకం పెట్టేది వార్డెనే. దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. ఆ అలవాటే ఇంత పెద్ద కార్యక్రమానికి దారి అయింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ ఎవరూ "తప్పనిసరి" అని ఉత్తర్వు ఇవ్వలేదు. లాఠీ లేదు, జరిమానా లేదు. అయినా ఒక్క అమ్మాయికి కూడా వద్దనే అవకాశం రాలేదు. గుంటూరు తండ్రి గారికి కనీసం గుమాస్తాతో వాదించే వీలుంది.

పిల్లల_వైద్యుడు
మాస్టారు గారి వివరాలు సరైనవే. అయితే చదివేవారు అపార్థం చేసుకోకుండా ఒకటి చేర్చాలి. ఆ రెండు జిల్లాల్లో ఏడుగురు బాలికలు మరణించారన్న విషయం అప్పట్లో పెద్ద దుమారం రేపింది. విచారణ సంఘం పరిశీలించినప్పుడు వాటికి నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు కనిపించాయి. టీకా వల్ల జరిగినవని తేలలేదు. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేలకు పైగా మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది. ఆ టీకా మంచిదే.

మన్యం_మాస్టారు
టీకా చంపిందని నేను ఎక్కడా రాయలేదు. సంతకం ఎవరు చేశారని రాశాను. మంచి టీకా అయితే తల్లిని అడగడానికి ఇబ్బంది ఏమిటి? అడగకపోవడం వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, హెచ్‌పీవీ అన్న మాట వింటేనే జనం జంకే పరిస్థితి వచ్చి, 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం బడ్జెట్‌లో చెప్పడానికి 2024 దాకా పట్టింది. అన్నీ ఆ ఒక్క కారణం వల్లనే అనను. కానీ దాని వాటా తక్కువ కాదు.

పిల్లల_వైద్యుడు
ఆ మాట ఒప్పుకుంటాను.

కరీంనగర్_కుర్రాడు
ఇంత తర్జనభర్జన ఎందుకో నాకు అర్థం కాదు. హెల్మెట్ లేకపోతే పోలీసు చలానా రాస్తాడు, ఎవరూ 21వ అధికరణ అనరు. టీకా కూడా అంతే కదా.

స్వేచ్ఛాప్రియుడు
హెల్మెట్‌ను ఇంటికి వెళ్లి తీసేయవచ్చు. ఒంట్లోకి ఎక్కినదాన్ని తీయలేము. అంతేకాక చలానా కట్టి హెల్మెట్ లేకుండా తిరిగేవాళ్లే మీ ఊళ్లో ఎక్కువ, అది కూడా చూసే ఉంటారు.

ఉపకేంద్రం_అక్క
నేను ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. ఇక్కడ కోర్టులు, అధికరణలు మాట్లాడుతున్నారు కాబట్టి, బుధవారం, శనివారం టీకాల రోజున మా దగ్గర ఏమి జరుగుతుందో రాస్తాను. టీకా వద్దనే ఇంటి వాళ్లలో "స్వేచ్ఛ" అనే మాట అన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. వారి కారణాలు వేరు. ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకా వేసిన రాత్రి బిడ్డకు జ్వరం వచ్చి ఏడుస్తుంది, తల్లికి నిద్ర ఉండదు, మరునాడు కూలికి పోలేదు, ఆ కూలి డబ్బు మేము ఇస్తామా అని అత్త అడుగుతుంది. అందుకు నా దగ్గర పారాసిటమాల్ తప్ప ఇంకో జవాబు లేదు. ఇంకో ఇంట్లో భర్త వలస పోయి ఉంటాడు, అతను ఫోన్‌లో సరే అంటే తప్ప వేయించరు. మరో ఇంట్లో పోయినసారి వేసిన సూది చోట గడ్డ కట్టిందని కోపం. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, నేను ముగ్గురం కలిసి మూడు నాలుగుసార్లు తిరిగితే చాలా ఇళ్లు ఒప్పుకుంటాయి. మా అమ్మాయి వయసు పిల్ల వచ్చి నా చేయి పట్టుకుని "అక్కా, నువ్వుంటేనే వేయించుకుంటా" అంటే, ఆ నమ్మకమే మాకు ఆస్తి.

2021లో ఏమైందంటే, టీకా వేసుకోకపోతే రేషన్ ఆపేస్తారని, పింఛను రాదని ఊళ్లల్లో మాట పుట్టింది. అటువంటి ఉత్తర్వు మాకు ఏదీ రాలేదు, కానీ పై నుంచి లెక్కలు అడిగే ఒత్తిడిలో కిందివాళ్లు కొందరు ఆ మాటను అడ్డుకోలేదు, కొందరు తామే అన్నారు. ముసలివాళ్లు భయపడి వచ్చి వేయించుకున్నారు, లెక్క పెరిగింది. ఆ తర్వాత ఆరు నెలలు నేను మామూలు పిల్లల టీకాలకు వెళ్తే, నన్ను చూసి తలుపు వేసుకున్న ఇళ్లు ఉన్నాయి. చట్టం చేసి బలవంతం చేస్తే కార్డులు నిండుతాయి, బిడ్డలు మాత్రం దాక్కుంటారు. నేను బలవంతానికి వ్యతిరేకిని, కారణం పుస్తకాల్లోది కాదు.

కొంటె_కోణంగి
అక్క రాసింది చదివాక, ఇక్కడ అధికరణల గురించి రాసినవాళ్లందరినీ ఒక బుధవారం ఆవిడ వెంట పంపించాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. చట్టం_చదివినవాడు గారు ఐస్ పెట్టె మోయాలి.

పాతబస్తీ_పౌరుడు
అక్క మాటకు మా హైదరాబాద్ ఉదాహరణ ఒకటి. 2016లో నగరంలోని మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ కనిపించింది. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో మనకు పోలియో రహిత ధ్రువీకరణ కూడా అందింది. అయినా ప్రభుత్వం తాత్సారం చేయలేదు. జూన్‌లో వారం రోజుల్లోనే హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు చర్మం లోపలికి ఇచ్చే పోలియో టీకా పాక్షిక డోసు వేశారు. ఏ చట్టమూ ప్రయోగించలేదు. మా వీధిలో మసీదు పెద్దలు ముందుగా తమ మనవలకు వేయించారు, మిగిలినవాళ్లు వరుసలో నిలబడ్డారు.

అయితే ఇందులో స్వేచ్ఛాప్రియుడు గారికి పనికొచ్చే అంశం కూడా ఉంది, దాచడం ఎందుకు. ఆ వైరస్ పుట్టింది నోట్లో వేసే చుక్కల మందు నుంచే. అరుదుగానైనా ఆ చుక్కల వల్లనే పక్షవాతం వచ్చిన పిల్లలు ఉన్నారు. అందుకే 2015 చివరి నుంచి ఇంజెక్షన్ టీకాను జోడించి, 2016 ఏప్రిల్‌లో ఆ మందులోంచి టైప్ 2ను తీసేశారు. లోపాన్ని బహిరంగంగా ఒప్పుకుని పద్ధతి మార్చడం వల్ల జనానికి నమ్మకం పోలేదు.

చరిత్ర_చదువరి
బలవంతం లేకుండానే అన్నీ సాధించామనే చిత్రం ఏర్పడుతోంది, అది పూర్తి నిజం కాదు. ఇంగ్లండ్‌లో 1853లో పసిబిడ్డలకు మశూచి టీకాను తప్పనిసరి చేశారు, 1867లో జరిమానాలు కట్టుదిట్టం చేశారు. జరిమానా కట్టలేని కార్మికుల ఇంటి సామాను వేలం వేసేవారు, కొందరిని జైలుకు పంపేవారు. 1885లో లెస్టర్ పట్టణంలో వేలాది మంది ఊరేగింపు తీశారు. చివరికి 1898లో పార్లమెంటు దిగివచ్చి, మనస్సాక్షి అభ్యంతరం ఉందని మేజిస్ట్రేట్ల ముందు ఒప్పించగలిగిన తల్లిదండ్రులకు మినహాయింపు ఇచ్చింది. డల్లాస్ గారు చెప్పిన టెక్సాస్ మినహాయింపు ఆ కోవలోనిదే. మన దగ్గర 1880 నాటి టీకా చట్టం పురపాలక ప్రాంతాల్లో, కంటోన్మెంట్లలో బలవంతానికి దారి తీసింది. గాంధీజీ మశూచి టీకాను వ్యతిరేకిస్తూ రాశారన్నది చాలామందికి తెలిసిందే.

మశూచిని 1970లలో తుడిచిపెట్టిన తీరు కూడా అంత మృదువుగా లేదు. 1973 నుంచి 1975 వరకు చివరి దశలో, ముఖ్యంగా బీహార్‌లో, రాత్రిపూట ఇళ్లు చుట్టుముట్టి, తలుపులు నెట్టుకుని లోపలికి వెళ్లి, పట్టుకుని మరీ టీకాలు వేసిన ఘటనలు చరిత్రకారులు నమోదు చేశారు. అందులో పాల్గొన్నవారే ఆ తర్వాత రాశారు. దేశం మశూచి రహితమైంది, లక్షల ప్రాణాలు నిలిచాయి. ఆ తలుపులు నెట్టడం లేకపోయినా అది సాధ్యమయ్యేదా అంటే, నా అభిప్రాయంలో అయ్యేది, కొన్ని నెలలు ఆలస్యంగా. మీలో చాలామంది ఒప్పుకోరని తెలుసు.

అమెరికాలో 1905 నాటి జేకబ్సన్ కేసులో, టీకా నిరాకరించిన వ్యక్తికి వేసిన 5 డాలర్ల జరిమానాను అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. 5 డాలర్లే కదా అనుకోవచ్చు. 1927లో ఒక యువతికి బలవంతంగా గర్భనిరోధక శస్త్రచికిత్స చేయడాన్ని సమర్థిస్తూ అదే కోర్టు అదే కేసును ఉదహరించింది. మన దేశంలో అత్యవసర పరిస్థితి నాటి కుటుంబ నియంత్రణ శిబిరాలు చూసిన తరానికి ఈ దారి ఎటు పోతుందో వేరే చెప్పనక్కర లేదు.

ఓరుగల్లు_పంతులు
మశూచి చూసినవాడిగా ఒక మాట. మా వీధిలో ఇంటికొకరు చూపు పోయినవారో, ముఖమంతా గుంటలు పడినవారో ఉండేవారు. నా చేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది, నన్ను అడగకుండానే వేశారు. చరిత్ర_చదువరి గారు "కొన్ని నెలలు ఆలస్యంగా" అని తేలికగా రాశారు. ఆ కొన్ని నెలల్లో ఎవరింట్లో ఎవరు పోయేవారో ఆయన కూడా రాయలేరు.

చరిత్ర_చదువరి
పంతులు గారూ, తేలికగా రాయలేదు. కానీ ఆ రాత్రి తలుపు నెట్టింది ఎవరి ఇంటిదని కూడా అడగాలి. ఆ ఇళ్లు చాలావరకు గిరిజనులవి, పేదలవి. జమీందారు మేడ తలుపు నెట్టినట్టు నేను ఎక్కడా చదవలేదు.

చట్టం_చదివినవాడు
ఐస్ పెట్టె మోయడానికి నేను సిద్ధం. పాఠశాల ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే చర్చ 1853కు వెళ్లిపోయింది. దేశమంతటికీ వర్తించేలా పిల్లల టీకాలను తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు. జాతీయ కార్యక్రమం ఉచితం, ఐచ్ఛికం. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 నాటి విద్యాహక్కు చట్టం వర్తిస్తుంది. ఆ వయసులో టీకా కార్డు లేదని ప్రభుత్వ పాఠశాల చేర్చుకోకపోతే నిలబడదని నా అభిప్రాయం. ఎల్‌కేజీ ఆ వయసు పరిధిలోకి రాదు, ప్రైవేటు పాఠశాల తన నిబంధన పెట్టుకోగలదు. ఐరోపాలో కూడా ఇటువంటి గీతే గీశారు. 2021 ఏప్రిల్‌లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం చెక్ రిపబ్లిక్ కేసులో, టీకాలు వేయించనివారికి జరిమానా వేయడాన్ని, పిల్లలను నర్సరీలో చేర్చుకోకపోవడాన్ని 16 మంది న్యాయమూర్తులు సమర్థించగా ఒక్కరు విభేదించారు. నిర్బంధ పాఠశాల విద్యకు మాత్రం అక్కడ కూడా ఆ అడ్డు లేదు, బలవంతంగా సూది వేసే అధికారం ఎవరికీ లేదు.

ఇటువైపు 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పాఠశాలల్లో తట్టు-రుబెల్లా టీకాలు వేయాలన్న ప్రభుత్వ కార్యక్రమాన్ని ఆపింది. టీకాను తప్పుపట్టలేదు, చెప్పకుండా వేయడాన్ని తప్పుపట్టింది. మన్యం_మాస్టారు గారి ప్రశ్నకు ఒక కోర్టు ఇచ్చిన జవాబు అదే, పదేళ్లు ఆలస్యంగా, ఢిల్లీ పిల్లలకు.

గుంటూరు_తండ్రి
వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక ప్రశ్న మిగిలింది. పాఠశాల నిబంధన వల్లనో, ప్రభుత్వ ఒత్తిడి వల్లనో నేను టీకా వేయించి, పదిలక్షల్లో ఒకరికి వచ్చే దుష్ఫలితం నా బిడ్డకే వస్తే, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

డల్లాస్_గోదావరి
ఇక్కడ 1986 చట్టం ప్రకారం ఒక పరిహార నిధి ఉంది. ప్రతి డోసులో నివారించే ఒక్కొక్క జబ్బుకు 75 సెంట్ల పన్ను వేసి ఆ సొమ్ముతో నడుపుతారు. తయారీదారు నిర్లక్ష్యాన్ని నిరూపించనక్కర లేదు. లోపాలు ఉన్నాయి, ఆలస్యం ఉంది, కానీ తలుపు తట్టడానికి ఒక చోటు ఉంది. బ్రిటన్‌లో 1979 నుంచి ఒక పథకం ఉంది, తీవ్ర వైకల్యం వచ్చినవారికి 1,20,000 పౌండ్లు ఇస్తారు.

చట్టం_చదివినవాడు
మన దగ్గర ఔషధ ప్రయోగాల్లో పాల్గొన్నవారికి పరిహారం ఇచ్చే నిబంధనలు 2019 నుంచి మరింత స్పష్టంగా ఉన్నాయి. 2021 జనవరిలో కోవాగ్జిన్‌ను మొదట ప్రయోగ దశ షరతులతో వేసినప్పుడు, సమ్మతి పత్రంలోనే కంపెనీ పరిహారం ప్రస్తావన ఉంది. మామూలు కార్యక్రమంలో వేసే టీకాకు అటువంటి ఏర్పాటు చేయలేదు. కోవిడ్ టీకా తర్వాత బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 నవంబరులో కేంద్రం వేసిన ప్రమాణపత్రంలో సారాంశం ఏమిటంటే, టీకా ఐచ్ఛికం కాబట్టి ప్రభుత్వం బాధ్యత వహించదు, కావాలంటే సివిల్ కోర్టులో దావా వేసుకోండి అని.

స్వేచ్ఛాప్రియుడు
ఇదే నా గొంతులో అడ్డుపడేది. టీకా వేయించుకోకపోతే రైలు ఎక్కనివ్వని రోజున "దేశం కోసం" అన్నారు. ముంబై లోకల్ రైళ్లలో 2021 ఆగస్టు నుంచి రెండు డోసుల పత్రం చూపాల్సి వచ్చింది. బిడ్డ పోయిన రోజున "నీ ఇష్టప్రకారమే వేయించుకున్నావు" అన్నారు. నిర్బంధం కావాలనేవారు ముందుగా పరిహార చట్టం రాయించమనండి, ఆ తర్వాత నేను కూడా వరుసలో నిలబడి వాదన మానేస్తాను.

పిల్లల_వైద్యుడు
పరిహారం విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. అయితే పరిహార చట్టం వచ్చేదాకా తట్టు ఆగదు గదా. 2025లో టెక్సాస్‌లో పోయిన ఆ ఇద్దరు పిల్లలకు కూడా ఎవరూ పరిహారం ఇవ్వలేదు.

ఉపకేంద్రం_అక్క
పరిహారం రావాలంటే ముందు సంఘటన నమోదు కావాలి. దుష్ఫలితం వస్తే పంపడానికి మా దగ్గర ఫారం ఉంది. తీవ్రమైనవి వైద్యాధికారి ద్వారా జిల్లాకు పోతాయి. కానీ తల్లిదండ్రులు నేరుగా ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లినప్పుడు మాకు కబురే రాదు, అక్కడివాళ్లు చాలాసార్లు రాయరు.

చట్టం_చదివినవాడు
2022 తీర్పులో కోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి సరిగ్గా దీని గురించే. దుష్ఫలితాలను వైద్యులే కాక బాధితులు కూడా నేరుగా నమోదు చేయగలిగే బహిరంగ ఏర్పాటు ఉండాలని, వివరాలు ఇచ్చినవారి గోప్యత కాపాడాలని చెప్పింది. బలవంతం గురించిన వాక్యానికి వచ్చిన ప్రచారంలో పదో వంతు కూడా ఈ ఆదేశానికి రాలేదు.

ఉపకేంద్రం_అక్క
ఆ ఏర్పాటు ఫోన్‌లో తెలుగులో ఉంటే చెప్పండి, ఈ శనివారం వచ్చే తల్లులకు నేనే చూపిస్తాను.